చలిలో పెట్ట కింద తొమ్మిది గుడ్లు చాలు

మీ పెట్ట రెండు రోజులుగా గంప దిగడం లేదు. దగ్గరికెళ్తే ఈకలన్నీ ఉబ్బించి గొంతులో గుర్రుమంటోంది. చెయ్యి పెడితే పొడుస్తోంది. ఇంక అనుమానం అక్కర్లేదు, పొదుగుకొచ్చింది. తీరా చూస్తే బయట డిసెంబరు. తెల్లారేసరికి హుగ్లీ నది మీద పొగమంచు, క్వార్టర్ల మెట్ల మీద చెమ్మ, టీ కొట్టు దగ్గర మంకీ క్యాపుల్లో జనం. "ఈ చలిలో పొదగేస్తే పిల్లలవుతాయా? గుడ్లు దండగేమో?" అని మీరు తటపటాయిస్తున్నారు. అవునా?

నిక్షేపంగా అవుతాయి. ముందు మన చలి ఎంతో చూడండి. జనవరిలో కోల్‌కతాలో రాత్రి సగటున 14 డిగ్రీలు, పగలు 26. చింతపల్లి, లంబసింగి వైపు మంచు గడ్డి మీద గడ్డకట్టే రాత్రుల్లో కూడా నాటుకోళ్లు పొదుగుతూనే ఉన్నాయి. గుడ్డులో పిల్ల తయారవడానికి కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీలు. పెట్ట ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. అంటే దాని దగ్గర వేడికి కొదవ లేదు. మరి చలికాలంలో పొదుగు ఎందుకు చెడుతుంది? గాలి వల్ల, తడి వల్ల, మన అత్యాశ వల్ల. మొదటి రెండూ కోల్‌కతాలో మనముండే ఈ గార్డెన్ రీచ్‌లో దండిగా ఉన్నాయి. మూడోది ఏ ఊళ్లోనైనా ఉన్నదే.

ఈ ఊళ్లో తెలుగువాళ్లు కోళ్లు పెంచడం వింతేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వేకూ, 1955లో ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ రైల్వేకూ ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేలో చేరేదాకా వాల్తేరు డివిజన్ పగ్గాలు కూడా ఇక్కడే ఉండేవి. అలా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కుటుంబాలొచ్చాయి, వాళ్లతో వాళ్ల అలవాట్లూ వచ్చాయి. పక్కనున్న మెటియాబ్రుజ్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. 1856లో రాజ్యం పోగొట్టుకుని వచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, 1887లో కన్నుమూసేదాకా అక్కడ జంతువులనూ పక్షులనూ మందలు మందలుగా పెంచాడు. కాబట్టి మీ మెట్ల కింది గంపను చూసి పొరుగువాళ్లు ముఖం చిట్లిస్తే చిన్నబోకండి. కాకపోతే క్వార్టర్లో గానీ అద్దె ఇంట్లో గానీ కోళ్లు పెట్టుకోవచ్చో లేదో ఒక మాట అడిగి పెట్టుకోండి. ఇరవై రోజులు కూర్చున్న పెట్టను మధ్యలో కదిలించాల్సి వస్తే ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు క్యాలెండర్ చూడండి

పొదుగు అంటే 21 రోజులే అనుకుంటాం. చలికాలంలో అసలు పరీక్ష ఆ తర్వాతే. గుడ్డులో ఉన్నంతకాలం పిల్ల పొట్ట కింద పదిలంగా ఉంటుంది. బయటికొచ్చాక నాలుగైదు వారాల పాటు, ఒంటినిండా ఈకలు వచ్చేదాకా, దానికి తల్లి రెక్కే దిక్కు. కాబట్టి "ఇవాళ చలెంత?" అని కాక "పిల్లలు దిగేనాటికి చలెంత?" అని లెక్క వేసుకోండి.

డిసెంబరు మొదటి వారంలో పొదగేస్తే పిల్లలు క్రిస్మస్ చుట్టుపక్కల దిగుతాయి. అంటే ఒళ్లంతా నూగు తప్ప ఈక లేని రోజుల్లో జనవరి చలి మీద పడుతుంది. అదే సంక్రాంతినాడు, మన ముగ్గులూ బెంగాలీల పిఠా పిండివంటలూ ఒకే రోజు తయారయ్యే వేళ, పొదగేస్తే ఫిబ్రవరి మొదటి వారంలో పిల్లలు కళ్లు తెరుస్తాయి. అప్పటికి చలి వెనకడుగు వేస్తుంటుంది. కాలబైశాఖి గాలివానలు జోరందుకునేలోగా పిల్లలకు రెండు నెలలు నిండుతాయి. ఇంతకన్నా మంచి ముహూర్తం ఈ ఊళ్లో లేదని నా అభిప్రాయం.

మరి పెట్ట డిసెంబరులోనే కూర్చుంటే? సంక్రాంతి దాకా ఉత్తి గూట్లో కూర్చోబెట్టకండి. పొదుగులో ఉన్న పెట్ట సగం తిండితోనే గడుపుతుంది, చిక్కిపోతుంది. నెలన్నర అలాగే ఉంటే పిల్లలు దిగే వేళకు దానిలో సత్తువ ఉండదు. రెండే దారులు. ఈసారికి గూట్లోంచి తీసి, గాలి ఆడే బోనులో నాలుగు రోజులుంచి పొదుగు మాన్పించడం, లేదా కింద చెప్పిన జాగ్రత్తలతో తక్కువ గుడ్లు పెట్టడం.

2. గుడ్లు లెక్కపెట్టేటప్పుడు పిల్లలను తలచుకోండి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వేసవిలో ఒక నాటుపెట్ట కింద పన్నెండు, పదమూడు గుడ్లు పెడతాం. చలిలో ఎనిమిది, తొమ్మిదికి మించకూడదు. పెట్ట చిన్నదైతే ఏడు.

"ఒలే, ఎన్ని గుడ్లెట్టినావే?" అని కోడల్ని అడిగింది ఒక అత్తగారు.

"పద్నాలుగెట్టినానత్తా. మా అమ్మ పదిహేనెట్టేది కదా."

"మీ అమ్మెట్టింది వేసంగిలో. ఇది పుష్యమాసమే. ఐదు తీసేయ్."

కోడలికి మనసొప్పలేదు. అంచున ఉన్న ఒకటీ రెండూ చల్లబడితే పోతాయి, మిగిలిన పన్నెండైనా అవుతాయి కదా అనుకుంది. మీకూ అలాగే అనిపిస్తోందా? అక్కడే పొరపాటు. అంచున ఉన్నది ఎప్పుడూ ఒకే గుడ్డు కాదు. పెట్ట రోజులో ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది. మధ్యలోవి అంచుకు నెడుతుంది, అంచువి పొట్ట కిందికి లాక్కుంటుంది. ఒక రాత్రి పెట్ట పక్కన కూర్చుని టార్చి వెలుగులో చూడండి. కాస్త లేచి, గడ్డం కిందికి ముక్కు వంచి, గుడ్డును లోపలికి లాక్కుని, మళ్లీ రొమ్ము ఆనించి సర్దుకుంటుంది. పొట్ట కింద చోటు తొమ్మిదింటికే ఉండి గుడ్లు పద్నాలుగైతే, ప్రతి గుడ్డూ వంతులవారీగా చలిలోకి వచ్చి పోతుంది. ఇవాళ ఈ ఐదు, రేపు మరో ఐదు. చివరికి ఐదు గుడ్లు పోయి తొమ్మిది మిగలవు. దాదాపు అన్నీ దెబ్బతిని రెండో మూడో పిల్లలు దిగుతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. దీని గురించి చాలామంది ఆలోచించరు. పదమూడు గుడ్లు పట్టిన పొట్ట కింద పదమూడు పిల్లలు పట్టేది మొదటి వారమే. మూడో వారానికి పిల్ల గుడ్డుకు రెండు మూడింతలవుతుంది. ఈకలు ఇంకా పూర్తిగా రావు. రాత్రి 14 డిగ్రీల్లో పదమూడూ ఒకేసారి రెక్కల కిందికి దూరాలని చూస్తే బలమైనవి లోపలికి పోతాయి, బలహీనమైనవి తోకవైపు మిగిలిపోతాయి. పొద్దున్న చూస్తే ఒకటి బిర్రబిగిసి ఉంటుంది. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది, ఏమైందో" అంటాం. చోటు చాలలేదు, అంతే.

పెట్ట కింద పట్టేవి ఎన్నో తెలుసుకోవడం సులువే. గుడ్లు సర్దాక పెట్టను కూర్చోనివ్వండి. అరగంట తర్వాత నాలుగు వైపుల నుంచీ చూడండి. ఒక్క గుడ్డు అంచైనా కనిపించిందా? దాన్ని తీసేయండి. ఇంకోటి కనిపిస్తే అదీ తీసేయండి. వనరాజా లాంటి జాతుల గుడ్లు తెచ్చి పెడితే మరీ జాగ్రత్త. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ రకం పెరటి పెంపకానికి బాగుంటుంది. కానీ దాని పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు కాబట్టి నాటుపెట్టనే ఆశ్రయించాలి. దాని గుడ్డు నాటుగుడ్డు కంటే పెద్దది. తొమ్మిది నాటుగుడ్లు పట్టే చోట అవి ఏడే పడతాయి.

3. ఏ గుడ్లు పెట్టాలి?

కిరాణా కొట్టు గుడ్లు ఎన్నాళ్లు పొదిగించినా పిల్లలు కావు. ఆ ఫారాల్లో పుంజు ఉండదు. పుంజు తిరిగే మందలోని గుడ్లే కావాలి. పదేసి పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలు.

చలికాలం మనకు మేలు చేసేది ఇక్కడే. గుడ్లు పోగేసి దాచడానికి 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. డిసెంబరులో మీ ఇంట్లో నీడపట్టున ఉన్న గది ఇంచుమించు అలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. సన్నటి కొన కిందికి ఉండేలా ఊకలో గానీ గుడ్ల ట్రేలో గానీ నిలబెట్టండి. వారం దాటిన గుడ్డు కూరకు మేలు, పొదుగుకు కాదు. పెంట అంటినదాన్ని కడగకండి. పెంకు మీది సన్నటి పొర పోతే లోపలికి క్రిములు దూరతాయి. కడగాల్సినంత మురికిగా ఉంటే అసలు పెట్టొద్దు. రెండు గుడ్లను మెల్లగా ఒకదానికొకటి తాకించి వినండి. గట్టి గుడ్డు టకటకమంటుంది. బీట ఉన్నది బొంగురుగా మోగుతుంది.

4. గంప ఎక్కడ పెట్టాలి?

గార్డెన్ రీచ్‌కు నది అడ్డం. ఎదుటి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఉంది కదా, చలికాలపు ఉత్తరం గాలి ఆ చెట్ల మీదుగా, నీళ్ల మీదుగా దూసుకొస్తుంది. ఆ గాలి నేరుగా తగిలే వరండా, ఉత్తరం కిటికీ, డాబా మీది నీళ్ల ట్యాంకు పక్క — ఈ మూడూ వద్దు. మెట్ల కింద గానీ, దక్షిణం తెరుచుకున్న వరండా మూల గానీ మంచిది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ కూడా కాస్త లోపలికి వస్తుంది.

గంపను ఉత్త సిమెంటు గచ్చు మీద పెట్టొద్దు. రాత్రి ఆ గచ్చు మీద చెప్పుల్లేకుండా ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి, ఎందుకో తెలుస్తుంది. రెండు ఇటుకలు, వాటి మీద చెక్క పలక, దాని మీద నాలుగు మడతల గోనె సంచి. జనపనార నేలలో ఉన్నాం, గోనె సంచికి కరువా? దాని మీద వెదురు గంప గానీ పండ్ల కొట్లో దొరికే చెక్క పెట్టె గానీ పెట్టండి. లోపల రెండు అంగుళాల ఊక, పైన ఎండుగడ్డి. మధ్యలో పళ్లెం లోతున గుంట చెయ్యండి. చెక్క పెట్టెకైతే నాలుగు మూలలూ గడ్డితో గట్టిగా కూరాలి. ఖాళీ మూల ఉంటే గుడ్డు అందులోకి దొర్లి, పెట్టకు అందకుండా పోతుంది.

గడ్డిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ముక్కవాసన వస్తే పారేయండి. బూజు పట్టిన గడ్డి పిల్లల ఊపిరితిత్తులకు చేటు. గుప్పెడు ఎండిన వేపాకు అడుగున వేస్తే మంచిదే. అయితే పేల నివారణకు దాని మీదే భారం వేయకండి. పొదగేసే ముందు పెట్ట రెక్కల కిందా తోక మొదట్లోనూ వెతకండి. పేలుంటే ముందు వాటి సంగతి చూడండి. పేలు కుట్టే పెట్ట పదో రోజున గుడ్లు వదిలేసి లేచిపోతుంది.

ఇక్కడ చాలామంది ప్రేమకొద్దీ చేసే పనులు కొన్ని ఉన్నాయి. వాటిని మానుకోవాలి.

గంప మీద ప్లాస్టిక్ పట్టా కప్పేయడం. గుడ్డు పెంకులోంచి గాలి పీలుస్తుంది. పట్టా కింద చెమ్మ పేరుకుని, పెంట ఘాటు నిండి, పెట్టకే ఊపిరాడదు. గాలి వచ్చే వైపు ఒక గోనె సంచి తెర కట్టండి, మిగతా వైపులు వదిలేయండి.

గంప మీద బల్బు వేలాడదీయడం. కూర్చున్న పెట్టకు అది అక్కర్లేదు. ఉక్కపోస్తే పెట్ట గుడ్ల మీంచి లేచిపోతుంది. ఊక పక్కన వేడి బల్బు, పాత వైరు ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం. ఇది కోళ్లకే కాదు, ఇంట్లో పడుకున్న మనుషులకూ ప్రాణాంతకం. ఆ గదిలో పేరుకునే విషవాయువుకు వాసన కూడా ఉండదు. ఎంత చలిగా ఉన్నా వద్దు.

5. రాత్రిపూట పొదగెయ్యండి

పెట్ట నిజంగా కూర్చుందా, ఊరికే మధ్యాహ్నాలు సోకులు పోతోందా? రెండు రాత్రులు చూడండి. చీకటి పడ్డాక కూడా గంపలోనే ఉండి, రొమ్ము కింద చెయ్యి పెడితే ఈకలు రాలి వెచ్చగా తగులుతుంటే నిజమైన పొదుగే. అంతవరకూ దాని కింద రెండు పింగ్‌పాంగ్ బంతులో, గుండ్రటి చిన్న బంగాళాదుంపలో ఉంచండి.

తర్వాత ఒక రాత్రి, దీపాలన్నీ ఆపేశాక, వాటిని తీసి అసలు గుడ్లను ఒక్కొక్కటే పొట్ట కిందికి జార్చండి. అన్నీ ఒకే రాత్రి పెట్టాలి. ఇవాళ నాలుగు, ఎల్లుండి మూడు అని వాయిదాల్లో పెడితే మొదటి పిల్లలు దిగగానే పెట్ట వాటి వెంట లేచిపోతుంది. వెనకటివి సగంలో చచ్చిపోతాయి. పెట్టే ముందు ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ రాయండి. మిగతా పెట్టలు అదే గంపలో దూరి గుడ్డు పెట్టి పోతుంటాయి. రాత లేని గుడ్డు కనిపిస్తే సాయంత్రానికల్లా తీసేయడానికి ఈ గుర్తు పనికొస్తుంది.

6. రోజుకొకసారి దిగాలి

పెట్ట రోజుకొకసారి దిగి, తిని, తాగి, పెంట వేసి, దుమ్ములో పొర్లాడి వెళ్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడతాయేమోనని మీరు గాభరా పడొద్దు. ఆ చల్లదనం గుడ్డు తట్టుకుంటుంది. మీరు చేయాల్సిందల్లా అది దిగే వేళను మధ్యాహ్నానికి మార్చడమే. పదకొండు నుంచి రెండు గంటల మధ్య మేత గంపకు నాలుగడుగుల దూరంలో పెట్టి పిలవండి. రెండు మూడు రోజుల్లో అదే వేళకు అలవాటు పడుతుంది.

మేతగా మొక్కజొన్న, వడ్లు, గోధుమలు పెట్టండి. గట్టి గింజలు నెమ్మదిగా అరుగుతాయి, రాత్రంతా ఒంట్లో వేడి నిలబెడతాయి, పెంటా పలచబడదు. మేత గిన్నె గంపలోనే పెట్టి "పాపం, దిగక్కర్లేకుండా తింటుంది" అనుకోకండి. దిగని పెట్ట గంపలోనే పెంట వేస్తుంది. గుడ్లన్నీ పాడవుతాయి. పక్కనే ఒక తొట్టిలో పొడి మట్టీ, జల్లించిన బూడిదా కలిపి పెడితే పొర్లాడుతుంది.

ఒకరోజు పిల్లి బెదిరించిందో, దీపావళి మిగులు టపాసు పక్కింటి కుర్రాడు కాల్చాడో, పెట్ట రెండు గంటలు గంప ఎక్కలేదు. గుడ్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పారేస్తారా? వద్దు. పెట్టను మళ్లీ కూర్చోబెట్టండి, నాలుగు రోజులాగి టార్చితో చూడండి. ఒక్కసారి చల్లబడ్డంత మాత్రాన పిల్ల చచ్చిపోయిందని కాదు. చాలాసార్లు ఒక రోజు ఆలస్యంగానైనా దిగుతుంది. మంచి గుడ్లను చేజేతులా చెత్తకుండీలో వేసేది ఇలాంటి గాభరాతోనే.

7. ఏడో రాత్రి, పద్నాలుగో రాత్రి

చీకటి గదిలో అట్టముక్కకు రూపాయి బిళ్లంత కన్నం పెట్టి, వెనక ఫోను టార్చి వెలిగించి, కన్నం మీద గుడ్డు లావు కొన ఆనించండి. ఏడో రాత్రికి మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ ఎర్రటి సన్నటి నరాల అల్లిక కనిపిస్తే పిల్ల ఉంది. లోపలంతా తేటగా, దీపంలా వెలుగుతుంటే అది వట్టి గుడ్డు. నరాలు లేకుండా ఒక ఎర్రటి వలయం మాత్రమే ఉంటే పిల్ల మొదట్లోనే పోయింది. ఆ రెండు రకాలూ తీసేయండి. మిగిలినవాటికి చోటు, వేడి పెరుగుతాయి. పద్నాలుగో రాత్రికి గుడ్డు ముప్పాతిక నల్లగా, లావు కొన దగ్గర గాలి గది మాత్రం తేటగా ఉండాలి.

ఈ పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి, వాళ్లకు ఇంతకన్నా మంచి సైన్సు పాఠం దొరకదు. అయితే ఫోన్లో నాలుగు వీడియోలు చూసి నలభై ఏళ్లుగా కోళ్లు పెంచిన నాయనమ్మకు పొదుగు గురించి చెప్పబోతే మాత్రం గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టే ఉంటుంది. వాళ్లను ఆవిడ పక్కనే కూర్చోబెట్టండి.

8. పద్దెనిమిదో రోజు నుంచి చేతులు కట్టుకోండి

ఇక టార్చి లేదు, తిప్పడం లేదు, నీళ్లు చల్లడం లేదు. తడిసిన గుడ్డు చలిలో ఇట్టే చల్లబడుతుంది. ఇరవయ్యో రోజున చెవి ఆనిస్తే లోపలి నుంచి కీచుకీచుమని వినిపిస్తుంది. పెట్ట కూడా గొంతు మార్చి జవాబు చెబుతుంటుంది. పెంకుకు చిన్న బీట పడ్డాక పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటలు పట్టవచ్చు, ఇరవై నాలుగూ పట్టవచ్చు. మధ్యలో అది విశ్రాంతి తీసుకుంటుంది, ఆ సమయంలోనే పొరలోని రక్తం ఒంట్లోకి ఇంకుతుంది. మీరు జాలిపడి పెంకు ఒలిచారంటే ఆ రక్తం కారిపోతుంది.

ఇరవై ఒకటో రోజు గడిచినా దిగలేదా? చలికాలం పొదుగులో ఒకటి రెండు రోజులు ఆలస్యం మామూలే. ఇరవై మూడో రోజు రాత్రి దాకా ఆగండి.

9. పిల్లలు దిగాయి, అసలు పని ఇప్పుడు మొదలైంది

మొదటి రెండు రోజులు మేత కోసం ఆత్రపడొద్దు. పొట్టలోకి పీల్చుకున్న పచ్చసొన వాటికి చాలు. పెట్ట తనంతట తాను లేచేదాకా కదిలించొద్దు.

తర్వాత చాలామంది నూకలు చల్లి ఊరుకుంటారు. ఊళ్లో అది చెల్లింది, ఎందుకంటే అక్కడ తల్లి పెంటకుప్ప గీరి పురుగులు, చెదలు తినిపించేది. గార్డెన్ రీచ్ గచ్చు మీద చెదలెక్కడివి? నూకలతో కడుపు నిండుతుంది గానీ ఈకలు రావు. ఈకలు రాకపోతే చలికి ఆగలేవు. మేత కొట్లో చిక్ స్టార్టర్ అడిగి తెచ్చుకోండి. తొలి వారం దానికి తోడు ఉడికించిన గుడ్డు చిదిమి కాస్త కలపండి.

నీళ్లు లోతులేని సాసర్లో, అందులో నాలుగు గులకరాళ్లు వేసి పెట్టండి. పొద్దున్న గోరువెచ్చగా ఉండాలి. చలిలో పిల్లలను చంపేది ఎక్కువగా ఈ నీళ్ల గిన్నే. అందులో పడి తడిసిన పిల్ల గంటలో వాలిపోతుంది. అలాంటిది దొరికితే పొడి గుడ్డతో తుడిచి, గోరువెచ్చటి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పడుకోబెట్టండి. నూగు పూర్తిగా ఆరాక, చీకటి పడ్డాక, తల్లి కిందికి జార్చండి.

అడుగున పాత పేపర్లు పరవొద్దు, కాళ్లు జారి విడిపోతాయి. గోనె సంచి మేలు, కానీ రోజూ ఎండేయాలి. రాత్రి తల్లీపిల్లల మీద గంప బోర్లించి పైన ఇటుక పెడితే పిల్లి భయం తీరుతుంది గానీ ఎలుకలు, పందికొక్కుల భయం తీరదు. రేవు పక్క ఊరు ఇది, వాటికి కొదవా? అర అంగుళం కన్ను ఉన్న ఇనుప జాలీ చుట్టూ, కిందా ఉండాలి. ఐదో రోజు నుంచి పదింటికీ రెండింటికీ మధ్య ఎండలో వదలండి, పైన వల మాత్రం కట్టండి. ఈ నగరంలో కాకుల సంగతి మీకు తెలిసిందే, పైన గద్దలూ ఉంటాయి.

మూడో వారంలో ఒక ఆశ పుడుతుంది. "పిల్లలు వాటంతటవి తింటున్నాయి కదా, తల్లిని విడదీస్తే మళ్లీ గుడ్లకొస్తుంది." వేసవిలో అయితే సరే. జనవరిలో ఆ పని చేశారంటే రెండు రాత్రుల్లో సగం పిల్లలు పోతాయి. మెడ మీదా వీపు మీదా ఈక నిండేదాకా తల్లితోనే ఉండనివ్వండి. అది విసుక్కుని ముక్కుతో పొడిచి తరిమే రోజు దానంతటదే వస్తుంది.

10. జబ్బుల దగ్గర మొహమాటం వద్దు

పిల్లలకు ఐదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర తెగులు టీకా పడాలి. కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, అంతే. చిన్న సీసాలోనూ పదుల కొద్దీ డోసులుంటాయి. కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉంచాలి. కాబట్టి వీధిలో కోళ్లున్న మరో నాలుగిళ్లవాళ్లను కూడగట్టుకుని ఒకే రోజు వేయించండి, ఖర్చూ కలిసొస్తుంది. పసుపు నీళ్లు పడితే నష్టం లేదు, కానీ టీకా చేసే పని అది చెయ్యదు. పెంటలో రక్తం కనిపించినా, పిల్లలు రెక్కలు వేలాడేసి మూలకు చేరినా, ఇంటి వైద్యంతో వారం గడపకండి. 1893లో మొదలైన పశువైద్య కళాశాల బెల్గాచియాలో ఉంది. నగరానికి అవతలి కొసన ఉన్నా వెళ్లదగ్గ చోటు.

బయట సంతలో కొత్త పుంజునో పెట్టనో కొంటే, పిల్లలున్న చోట కలిపేముందు రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో ఎన్నో చోట్ల నుంచి వచ్చిన పక్షులు ఒకే వరుసలో కూర్చుంటాయి. ఏది ఏ జబ్బు మోసుకొచ్చిందో పైకి కనబడదు. బర్డ్ ఫ్లూకు కూడా చలికాలమే అదను. 2008 జనవరిలో బీర్భూమ్ జిల్లాలో బయటపడిన బర్డ్ ఫ్లూ పశ్చిమ బెంగాల్‌లో చాలా జిల్లాలకు పాకింది, లక్షల కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చిపడితే ఉత్త చేతులతో ముట్టుకోకండి, కూర చేయకండి, నదిలో పారేయకండి. పశువైద్యాధికారికి చెప్పండి.

పెట్ట ఈ రాత్రి కూర్చుంటోందంటే, గంప సర్దేలోపే క్యాలెండర్ తీసి నాలుగు తేదీలు గుండ్రంగా చుట్టేయండి: ఏడో రాత్రి, పద్నాలుగో రాత్రి, ఇరవై ఒకటో రోజు, దాని తర్వాత ఆరో రోజు. ఆ చివరిది టీకా రోజు. అందరూ మరిచిపోయేది అదే, కాబట్టి దాన్ని ఎర్ర సిరాతో చుట్టండి.